గొడవ ఇంటి నుంచి పదకొండో ఇల్లు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. వంటింట్లో బొద్దింక కనబడితే తాబేలంత ఉందంటాను. పక్కవీధిలో సైకిలు పడిపోతే లారీ బోల్తా కొట్టిందంటాను. మా నాన్నకి అక్క, మా సూరమ్మత్త, నా జబ్బుకి ఏనాడో విరుగుడు కనిపెట్టింది. నేనేం చెప్పినా నాలుగు పెట్టి భాగించేస్తుంది. పెళ్ళికి నాలుగొందలమంది వచ్చారంటే "అయితే వందమంది ఒచ్చుంటారు" అని విస్తళ్ళు లెక్కేస్తుంది. విచిత్రమేమిటంటే ఆవిడ లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

కాబట్టి పాఠకులు కూడా నాలుగు పెట్టి భాగించుకుంటూ చదవండి. అయితే ఉన్నదాన్ని ఉబ్బించడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఈ ప్రయాణంలో ఉబ్బించినవి బోలెడు. పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర్లో నేనే చెప్తాను. మధ్యలో వెతుక్కోకండి, దొరకదు.

బయల్దేరడానికి కారణం: గోడలు

ఈసారి జనాభా లెక్కలవాళ్ళు మా విజయనగరం ఇంటికి వచ్చినప్పుడు అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది. వచ్చినాయన గోడలు దేనితో కట్టారు, కప్పు దేనిది, గదులెన్ని, నీళ్ళెక్కణ్ణుంచి అని అడుగుతూ రాసుకుపోతున్నాడు. ఆయన వెళ్ళాక అత్త చాలాసేపు మాట్లాడలేదు. అది మా ఇంట్లో సూర్యగ్రహణం కంటే అరుదు.

"ఏటిరా, ఈ గవర్మెంటోళ్ళు గోడలు కూడా రాసుకుంటారేటి?" అంది చివరికి.

"రాసుకుంటారత్తా."

"ఇదివరకూ రాసుకునీవోరా?"

"పదేళ్ళకోసారి రాసుకుంటూనే ఉన్నారు."

"అయితే మా పైడి కొంప గురించీ రాసుంటారు. ఎల్లి సూసిరా."

మా పైడి అంటే పైడిరాజు బాబాయి, నాన్నకి తమ్ముడు. వాళ్ళమ్మ పోయాక ఇద్దర్నీ అత్తే పెంచింది. బాబాయికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అత్తే ఆలోచించి, నులకమంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టి ఏటవాలుగా పడుకోబెట్టేది. భిలాయిలో ఉక్కు కర్మాగారం కడుతున్నారని తెలిసి జిల్లాలో సగంమంది రైలెక్కేసిన రోజుల్లో (భాగించుకోండి), "ఇక్కడ గోగునార పీకితే నీకేటొస్తాది, ఎల్లు" అని బాబాయిని పంపించిందీ అత్తే. కొన్నాళ్ళు ఉత్తరాలొచ్చాయి. తర్వాత ఎవరో రాసిన కార్డొకటి వచ్చింది, పోయాడని. ఆ తర్వాత అక్కణ్ణుంచి తిరిగొచ్చిన ఒక పెద్దమనిషి అరుగు మీద కూర్చుని, అక్కడి కూలీల క్యాంపులో ఇళ్ళకి కిటికీలుండవు, బోషాణం పెట్టెల్లా ఉంటాయని చెప్పి కాఫీ తాగి పోయాడు.

ఆయన తాగింది ఒక్క కాఫీ. అత్త మాత్రం ఆ మాటని ముప్ఫై ఏళ్ళుగా మింగలేకపోతోంది.

"ఊపిరాడనోణ్ణి నేనే పెట్టిలోకి తోసినాన్రా" అంటుంది, ఏ సందర్భమూ లేకుండా, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "ఆ కొంపకి కిటికీ ఉందో నేదో సూసిరా. ఇంకేటీ ఒద్దు."

లెక్కలాయన వచ్చి వెళ్ళిన రెండేళ్ళకి, ఆ ప్రశ్న రోజుకి నలభైసార్లు విన్నాక, సెలవు పెట్టి రైలెక్కాను.

టిట్లాగఢ్

రాయగడ దాటాక మా పెట్టెలో ఒక్కో సీటుకి పదిహేడుమంది కూర్చున్నారు. నా ఒళ్ళో ఎవరిదో అల్యూమినియం బిందె, బిందెలో ఎవరిదో కోడిపుంజు. టిట్లాగఢ్‌లో దిగి టీ తాగాను, మట్టి ముంతలో, రూపాయి. మన దగ్గర రూపాయికి గ్లాసు నిండా పోసి, తాగేదాకా మన మొహం చూస్తూ నిలబడతారు. అక్కడ గుటకెడు పోసి, తాగాక ముంత పగలగొట్టమంటారు. నేను విసిరిన ముంత పగల్లేదు. మళ్ళీ విసిరాను. ప్లాట్‌ఫారం మీదివాళ్ళంతా చూడ్డం మొదలెట్టారు. మూడోసారి బలంకొద్దీ విసిరితే అది వెళ్ళి స్టేషన్ గంటకి తగిలింది. గంట మోగింది కదా అని జనం పరిగెత్తుకెళ్ళి రైలెక్కేశారు. రైలు మాత్రం మరో గంట కదల్లేదు. ఆ గంటసేపూ అందరూ నన్నే చూస్తూ కూర్చున్నారు.

దుర్గ్: పేరు లేని పుస్తకం

భిలాయి ఉన్నది దుర్గ్ జిల్లాలో. అందుకని ముందు దుర్గ్‌లో పాత లెక్కల పుస్తకాలున్న ఒక ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా నా హిందీ వినగానే ముందు టీ తెప్పించాడు. జాలిపడ్డాడనుకుంటాను. అరవై ఒకటి లెక్కల పుస్తకం బయటికి తీసి దుమ్ము కొడితే మేమిద్దరం ఒకరికొకరు కనబడలేదు.

ఎంత గొప్ప పుస్తకమో. ఒక్కో ఊరికి ఒక్కో వరస. తాగే నీరు బావి, బడి ఒకటి, పోస్టాఫీసు లేదు, కరెంటు లేదు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి గురించి కూడా ఇంత సూటిగా చెప్పరు. ఊళ్ళకి ఊళ్ళు చదువుకుంటూ పోయాను. బావి, చెరువు, బావి, చెరువు. కోహ్కా అన్న పేరు దగ్గర ఆగి, ఇది మనవాళ్ళుండే చోటే కదా అని సంబరపడ్డాను. కానీ ఆ వరసలో బావి ఉంది, బాబాయి లేడు. క్యాంపు పేరైతే ఎంత వెతికినా కనబడలేదు.

"అది గావ్ కాదు కదా భాయ్‌సాబ్" అన్నాడు గుమాస్తా. "కూలీల బస్తీ. అప్పుడే లేచింది."

"మా బాబాయి పేరు?"

"నామ్ నహీ మిలేగా" అన్నాడు. పేరు దొరకదు. ఒక్కో మనిషి గురించి రాసుకున్న కాగితాలు ఎవరికీ చూపించరట, చాలా వరకూ ఇప్పుడు లేవు కూడానట. "జగహ్ మిల్ సక్తీ హై." చోటు దొరకొచ్చు. "అప్పుడు ఇల్లిల్లూ తిరిగి రాసింది బడిపంతుళ్ళు. ఎవరో ఒకరు బతికుంటారు. వాళ్ళకి ఇళ్ళు గుర్తుంటాయి."

లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచాడు. ఏదో రహస్యం చెప్తాడనుకున్నాను. టీ నాకోసం తెప్పించానన్నాడు, తాగనే లేదు కదా అని గుర్తుచేశాడు. చల్లారిపోయిన టీ అక్కడే నిలబడి తాగి వచ్చాను.

క్యాంప్ 1: పైడిరాజుల పుట్ట

భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగి, మా పక్కూరి గౌరునాయుడన్న ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. కర్మాగారంలో ముప్ఫైరెండేళ్ళు క్రేను నడిపి రిటైరైనాడు. అందుకే ఇప్పటికీ చెంబు అందుకున్నా ముందు చెయ్యి పైకెత్తి, పక్కకి తిప్పి, ఆ తర్వాతే దించుతాడు. క్యాంప్ 1 సందులు ఎంత ఇరుకంటే, ఎదురింటావిడ పోపు వేస్తే ఇవతలింటాయన తుమ్ముతాడు. ఇది భాగించనక్కర్లేదు, నేను చూశాను.

"పైడిరాజా?" అన్నాడు గౌరునాయుడన్న. "ఏ పైడిరాజు?"

"మా బాబాయి."

"అరే భాయ్, నీ బాబాయే, కాదన్ను. మన విజయనగరం పైడితల్లి పేరు పెట్టుకోనోడు మా గ్యాంగులో ఎవుడున్నాడు? మా ఇళ్ళ లైన్లోనే ఏడుగురు పైడిరాజులు. పొడుగు పైడిరాజు, వెల్డరు పైడిరాజు, బొబ్బిలి పైడిరాజు..."

"బొబ్బిలోళ్ళే ఇద్దరు" అంది లోపల్నుంచి రమణమ్మ వదిన.

"నిన్నడిగినానా?"

"నువ్వు లెక్క తప్పుతన్నావు, సెప్తన్నాను. నీ గవర్మెంటు లెక్కలు నువ్వే తప్పు సెప్తే ఎలాగ."

ఆయాసం ఉన్న పైడిరాజు అన్నాను. బొగ్గు కాల్చే కోక్ అవెన్ పొగలో ఆయాసం లేనిదెవరికి అన్నాడన్న. గోగునార పని చేసేవాడన్నాను. ఇక్కడికొచ్చాక ఎవడు నార తీస్తాడన్నాడు. ఫొటో లేదు. ముప్ఫై ఏళ్ళ కిందటి మనిషికి పేరు తప్ప నా దగ్గరేమీ లేదు. ఆ పేరేమో పనికిరాకుండా పోయింది. సంతలో చొక్కా వేసుకున్నవాణ్ణి చూశారా అని అడిగినట్టయింది నా పని.

వదిన పొద్దున్నే పోహా పెట్టింది, మీద సేవ్ అనే సన్న కారప్పూస చల్లి, పక్కన జిలేబీ. అటుకుల్ని ఇంత గౌరవంగా చూడొచ్చని నాకు తెలీదు. మన దగ్గర ఇంకేమీ లేనిరోజున అటుకులు, అక్కడ రోజూ అదే రాజభోగం. బజార్లో పొట్లం రెండు రూపాయలు. వీళ్ళ ఆఖరమ్మాయి చక్కగా తెలుగు మాట్లాడుతుంది, వాక్యంలో మొదటి మాట మాత్రం. "నాన్నా, యే అంకుల్ కబ్ తక్ రహేంగే?" అని నా ముందే అడిగింది. ఎన్నాళ్ళుంటాడని. పాపం, నాకు హిందీ రాదనుకుంది. నా హిందీ విన్నవాళ్ళు ఎవరైనా అలాగే అనుకుంటారు.

గుమాస్తా మాట చెప్పాను, ఇళ్ళు రాసిన పంతులు ఎవరైనా ఉన్నారా అని. అన్న వెంటనే గోడ వైపు చూపించాడు. సున్నం పొరల కింద తారుతో వేసిన అంకె ఒకటి, నల్లటి మచ్చలా.

"సుందర్రావు మేస్టారు ఏసినాడు. రైల్వేబడిలో ఉండీవోడు. ఇప్పుడు ఉతైలో ఉన్నాడు."

ఉతై: కత్తిరించిన నోటుబుక్కు

ఉతై బస్సులో సీటు దొరికిందన్న ఆనందంలో చూసుకోకుండా కూర్చున్నాను. అది సీటు కాదు, టమాటాల బుట్ట. దుర్గ్ చుట్టుపక్కల టమాటాలు ఏనుగు తలకాయలంత ఉంటాయి, పైగా పండినవి. బుట్టగలావిడ నన్ను ఛత్తీస్‌గఢీలో పది నిమిషాలు తిట్టింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మొత్తం భావం అర్థమైంది. రెండు కిలోలకి డబ్బిచ్చి, వాటిని ప్యాంటు మీదే మోసుకుంటూ మాస్టారింటికి చేరాను.

"దెబ్బ ఎక్కడ తగిలింది బాబూ?" అన్నారు మాస్టారు తలుపు తీసి.

సుందర్రావు మాస్టారిది మూడు తరాల రైల్వే కుటుంబం. తాతగారు గుంటూరు వైపునుంచి రైలు పట్టాలు పట్టుకుని వచ్చి ఇక్కడ తేలారు. గోడ మీద సిలువ, దానికింద మాస్టారి భార్య వాళ్ళమ్మ పెట్టుకున్న సీతారాముల పటం, రెంటికీ ఒకే మల్లెదండ. మాస్టారి భార్య నాకు ఆయన లుంగీ ఇచ్చి నా ప్యాంటు ఉతికి ఆరేసింది. అందువల్ల చరిత్ర పరిశోధనంతా నేను లుంగీలోనే చేశాను.

వచ్చిన పని చెప్పాను. మాస్టారు లేచి ట్రంకుపెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీశారు. దాన్ని చూస్తే ఎక్కడో తేడాగా అనిపించింది. పొడుగు మామూలే, వెడల్పు సగమే. బస్సు టిక్కెట్ల కట్టలా ఉంది.

"అసలు రిజిస్టరు సర్కారుకిచ్చేశాను. ఇది నా చిత్తు. ఎడంపక్క పేర్లుండేవి. పని అయిపోయాక ఆ పక్కంతా కత్తెరతో కత్తిరించేశాను."

"ఎందుకు మాస్టారూ?"

"ప్రమాణం చేశాను. నాకు చెప్పినవి ఎవరికీ చెప్పనని."

"ముప్ఫై ఏళ్ళయిపోయింది కదండీ."

"ప్రమాణంలో గడువు రాయలేదు బాబూ."

"ఆ కత్తిరించిన కాగితాలు?"

"పొయ్యిలో పెట్టాం. మా ఆవిడ వాటితో కాఫీ కాచింది."

"పొగ" అంది ఆవిడ లోపల్నుంచి. "అన్ని పేర్లు, అంతా పొగ."

అదీ సంగతి. మా బాబాయి పేరు ఒకానొక సాయంత్రం రెండు గ్లాసుల కాఫీ కింద ఆవిరైపోయింది. మిగిలింది కుడిపక్క. ఆ పక్క ఏముందయ్యా అంటే, చోట్లు. అప్పటికి ఆ సందులకి పేర్లు లేవు, గుడిసెలన్నీ ఇంచుమించు ఒకే అచ్చు, వేసిన తారు అంకెలు సగం వానకి పోయేవి. మళ్ళీ తనిఖీకి వస్తే ఏ ఇల్లు ఏదో తెలియాలి కదా. అందుకని మాస్టారు ప్రతి ఇంటి ముందూ నిలబడి, కంటికి ఏది కనబడితే అది గుర్తుగా రాసుకున్నారు. వరసగా చదివారు:

"పంపు గట్టుకి ఎడమ. తలుపు లేదు, గోనె. గోడ మట్టి, కప్పు రేకు.

ఎర్ర మేక కట్టిన ఇల్లు. గోడ తడక.

ఎర్ర మేక పక్కిల్లు.

ఎర్ర మేక తినేసిన ఆనపపాదు ఇల్లు."

"మాస్టారూ, మేక కదులుతుంది కదండీ?"

"ఇళ్ళు రాయమన్నారు, రాశాను. మేకని కదలొద్దని చెప్పే అధికారం నాకివ్వలేదు."

రెండు పేజీలు తిప్పారు. "మొగుడూ పెళ్ళాల గొడవ వినబడే ఇల్లు. గోడ మట్టి, కప్పు పెంకు." ఆ తర్వాత పది చోట్లు, ఎండబెట్టిన చేపలూ, చక్రం లేని సైకిలూ, తమిళాయన ముగ్గూ అన్నీ దాటాక, చదువుతూ చదువుతూ ఒకచోట చిన్నగా నవ్వారు.

"వాకిట్లో నులకమంచం. తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు. గోడ మట్టి, కప్పు రేకు."

నేను లుంగీ సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాను. మాస్టారి భార్య తల పక్కకి తిప్పుకుంది. గబగబా లుంగీ బిగించుకుని, "అదే మాస్టారూ" అన్నాను. "ఆయనే. పేరు పైడిరాజు. అవునా కాదా, అంత చెప్పండి."

"పేరు చెప్పను."

"తల ఊపండి."

"తల కూడా నాదే కదా బాబూ. అదీ ప్రమాణం చేసింది." ఆయన పుస్తకాన్ని వేలితో తట్టారు. "మంచం గురించి అడగండి, చెప్తాను. మంచానికి ప్రమాణం అడ్డు రాదు. ఆ మంచం కొండెక్కుతున్నట్టు ఉండేది. ఇలా ఎందుకని అడిగాను కూడా. ఏం జవాబొచ్చిందో చెప్పకూడదు."

ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది. కిటికీ సంగతి అడిగాను. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, పుస్తకం కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళి, అదే వరస చివర చదివారు: తూర్పున కిటికీ, ఒకటి. నేను నా చిన్న పుస్తకంలో రాసుకున్నాను.

ప్యాంటు ఆరింది. మరకలు మాత్రం పోలేదు, ఇప్పటికీ ఉన్నాయి.

మేక మీద విచారణ

ఆ చోట్లన్నీ వరసగా నా చిన్న పుస్తకంలోకి ఎక్కించుకుని వచ్చి గౌరునాయుడన్న వాకిట్లో చదివాను. ఐదు నిమిషాల్లో లైన్లో ఉన్న పాతకాపులంతా పోగయ్యారు. రెండొందలమంది ఉంటారు. సరే, యాభై. వాళ్ళకి మా బాబాయి కంటే మేక ముఖ్యమైపోయింది.

"ఎర్ర మేక కాదు, నల్లది" అన్నాడొకాయన.

"నల్లది మీ అత్తోరిది. ఎర్రది బిలాస్‌పూరోడిది. నా తువ్వాలు తినీసింది."

"నీ తువ్వాలు తిన్నది ఆవు."

"ఆవు తిన్నది పంచి. తువ్వాలు మేకే."

ముప్ఫై ఏళ్ళ కిందట చచ్చిన మేక మీద గంటన్నర వాదన నడిచింది. ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. ఆఖరికి మేక ఒక చోట ఉండేది కాదని, పచ్చగా ఎక్కడ కనబడితే అక్కడ ఉండేదని ఏకగ్రీవంగా తేల్చారు. అంటే మేక నుంచి లెక్కపెట్టడానికి లేదు.

"ఇంకో గుర్తుంది" అని తర్వాతది చదివాను. "మొగుడూ పెళ్ళాల గొడవ వినబడే ఇల్లు. గోడ మట్టి, కప్పు పెంకు."

ఒక్కసారిగా అందరూ కలిసి గౌరునాయుడన్న వైపు తిరిగారు.

"క్యా?" అన్నాడన్న. "నాదేటి? లైన్లో ఇంకెవుడూ గొడవాడనేదా?"

"పెంకుటిల్లు నీదొక్కటే" అన్నాడు తువ్వాలాయన.

"సూసినావా" అంది రమణమ్మ వదిన, చేటలో బియ్యం చెరుగుతూ, తీరిగ్గా. "నువ్వు మెల్లగా మాట్లాడు, మెల్లగా మాట్లాడు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఇప్పుడు సూడు. సర్కారోడు కూడా నీ నోరు రాసుకుపోనాడు."

"మొగుడూ పెళ్ళాలు అని రాసినాడు. నానొక్కణ్ణే కాదు."

"పెళ్ళి అయి మూడ్నెల్లు. నాకప్పటికి ఈ ఊర్లో మాటలే రావు. ఎలాగ అరుస్తాను?"

"హిందీ రానేదు. అరుపు ఒచ్చు."

మూడు దశాబ్దాలుగా కదలకుండా ఉన్న గుర్తు ఆ లైన్లో అదొక్కటే. అక్కణ్ణుంచి పదకొండో ఇల్లు లెక్కపెట్టాలి. దాని గుర్తేంటో చదివాను: నులకమంచం, తలవైపు రెండేసి ఇటుకలు.

వదిన చేతిలో చేట ఆగిపోయింది.

"ఓలమ్మ" అంది. "ఇటుకల మంచమోడా?"

అన్న తల గోక్కుంటున్నాడు. వదిన నా వైపు తిరిగింది.

"ఇటుకలోడని పిల్చీవోరు. పేరెవులికి తెలుసు బావూ. సన్నగా, రివటలాగుండీవోడు. నీళ్ళకని పంపు కాడికి ఎల్తే రోజూ కనపడీవోడు. నానొకపాలి అడిగీసినాను, అందరూ మంచాలు తిన్నగా ఏసుకుంటే నువ్వేటి, జారుడుబల్ల ఏసుకున్నావని."

"ఏమన్నాడొదినా?"

"మా అప్ప సెప్పింది, అన్నాడు. అంతే. ఏటడిగినా అదే. డూటీకెల్లీముందు బెల్లంముక్క నోట్లో ఎందుకేసుకుంటావంటే మా అప్ప సెప్పింది. పొగ కాడికెల్తే ముక్కుకి తడిగుడ్డెందుకంటే మా అప్ప సెప్పింది. మా అందరికీ నవ్వు. ఎవులేటి సెప్పినా, మీ అప్ప సెప్పిందేటి అని ఏడిపించుకునీవోళ్ళం. ఆడు పోనాక కూడా ఆ మాట ఉండిపోయింది లైన్లో."

అన్న తల పైకెత్తాడు. "అరే హా. మా గ్యాంగులో అనుకునీవోళ్ళం. ఎక్కణ్ణుంచొచ్చిందో తెలీదు ఆ మాట."

తర్వాత తెలిసింది, ఆ లైన్లో పుట్టి పెరిగిన పిల్లలు ఇప్పటికీ అంటారట, హిందీలోకి మార్చుకుని: "తేరీ అప్పా నే బోలా క్యా?" అప్ప అంటే మా వైపు అక్క అని వాళ్ళకి తెలీదు. వీళ్ళమ్మాయిని అడిగితే, ఎవరో పాత ఫోర్‌మన్ పేరనుకున్నానంది.

ఆయన ఇంటి లోపలికి ఎప్పుడైనా వెళ్ళావా వదినా అని అడిగాను. ఒంటరి మగాడి ఇంట్లోకి కొత్త పెళ్ళికూతురు ఎలా వెళ్తుందంది. నిజమే.

పదకొండో ఇల్లు

పది ఇళ్ళు లెక్కపెట్టడానికి అరగంట పట్టింది. అప్పటి మూడిళ్ళు కలిసి ఇప్పుడొకటైంది, ఒక ఇల్లు చీలి నాలుగైంది, ఒకచోట ఇల్లే లేదు, కిళ్ళీకొట్టుంది. గౌరునాయుడన్న క్రేను దించినట్టు చెయ్యి గాల్లో తిప్పి తిప్పి ఒక గుమ్మం ముందు దించాడు.

రెండంతస్తుల సిమెంటు మేడ. కిటికీలు ఆరు, కూలరొకటి, పైన టీవీ యాంటెనా రాకెట్టులా. బిసాహిన్ బాయి అనే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఇల్లది. నా హిందీలో విషయం చెప్పాను: మేరా చాచా యహా సోతా థా, మా బాబాయి ఇక్కడ పడుకునేవాడు. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, టమాటా మరకల దగ్గర కాసేపాగి, ఇంకేమీ అడగలేదు. లోపల్నుంచి నవారు మంచం తెచ్చి వాకిట్లో వేసి, కూర్చోమంది. గిన్నెలో బాసీ తెచ్చింది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఉల్లిపాయతో తినేది. మన తరవాణే. ఇంతదూరం వచ్చి, వేరే పేరు పెట్టుకుని ఎదురైతే దూరపుచుట్టాన్ని చూసినట్టనిపించింది. నాలుగు గిన్నెలు తిన్నాను. సరే, ఒకటి.

మంచం తిన్నగానే ఉంది. చుట్టూ చూస్తే పక్కింటి గోడ కడుతున్నట్టున్నారు, ఇటుకలు పేర్చి ఉన్నాయి. మంచం తలవైపుకి నాలుగు ఇటుకలు అడిగితే ఏమనుకుంటారోనని అడగలేదు. నాకు సిగ్గనేది ఉందని నాకే అప్పుడు తెలిసింది.

విజయనగరం: నాలుగుతో భాగహారం

ఇంటికొచ్చి అత్తకి అంతా చెప్పాను. టిట్లాగఢ్ గంట చెప్పాను, భాగించింది. టమాటాలు చెప్పాను, భాగించింది. మేక మీద వాదనకి మాత్రం నవ్వింది, పంచె తిన్నది ఆవే అయ్యుంటుందంది.

ఇటుకల దగ్గరికొచ్చాక ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"ఎన్ని?"

"రెండేసి."

భాగించలేదు. "రెండేసే" అంది. "మూడేత్తే మెడ నొప్పెడతాది."

మా అప్ప సెప్పింది అన్న మాట చెప్పాను. ఆ లైన్లో పిల్లలు ఇప్పటికీ అంటారని కూడా చెప్పాను. దీన్ని నేను పెంచి చెబుదామన్నా పెంచడానికి చోటు దొరకలేదు. అత్త కాసేపు కాయలు ఒలిచింది. గింజలు ఒక పక్క, తొక్కలు ఒక పక్క వెయ్యాల్సింది, రెండూ ఒకేచోట పడుతున్నాయి.

"ఎండలకి వాకిట్లో పడుకున్నాడు. బాగుంది. వానకాలవో?"

"లోపలే పడుకునుంటాడు."

"లోపల కిటికీ ఉందేటి?"

"ఉంది."

"ఎన్ని?"

"ఒకటి."

అత్త తలెత్తి చూసింది. నేను పదహారంటాననుకుంది, నాలుగు చేసుకుందామనుకుంది.

"ఒకటేనా?"

"ఒకటే. తూరుపేపు."

"నీ నోటంట ఒకటి అన్న మాట ఇదే ఇనడం" అంది. ఇంకా కాసేపు నా మొహంలోకి చూసి, "అయితే గాలొచ్చుంటాదిలే" అని, తొక్కల్లోంచి గింజలు ఏరుకోవడం మొదలెట్టింది.

అప్పట్నుంచీ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. ఇప్పుడు చిక్కుడుకాయలు ఒలుస్తూ నా పెళ్ళాం వంటని తిడుతోంది. ఇల్లు మామూలు స్థితికొచ్చింది.

చదివి వినిపించేవాళ్ళకి

మా అత్తకి చదువు రాదు. ఎదురింటి కమల పత్రిక చదివి వినిపిస్తుంది. అమ్మా కమలా, ఇక్కడితో అయిపోయిందని చెప్పి పుస్తకం మూసేయ్. పుట్టించింది ఏదని అడిగితే టిట్లాగఢ్ గంట అని చెప్పు. ఇక్కణ్ణుంచి నువ్వొక్కదానివే చదువుకో.

టమాటాలు నిజం. గంట నిజం. మేక, తువ్వాలు, గొడవ ఇల్లు, కత్తిరించిన పుస్తకం, అన్నీ నిజం, కాస్త ఉబ్బించానంతే. ఉతైలో నేను కిటికీ గురించి అడిగిన మాటా నిజమే. కానీ మాస్టారు పుస్తకాన్ని వెలుగులోకి తీసుకెళ్ళలేదు. మూసేశారు. కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు.

"బాబూ" అన్నారు, "ఆ ఇంటికి కిటికీ ఉండుంటే, గుర్తుగా కిటికీయే రాసుకునేవాణ్ణి. మంచం ఎందుకు రాస్తాను?"

కిటికీ నేను పెట్టాను. ఇటుకలు బాబాయి పెట్టుకున్నవే.